ముగ్గు వేసిన క్యాబినెట్

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. మద్దిలపాలెంలో డాబా మీద గది. స్లాబు కాలి కాలి గదంతా పెనంలా ఉంది. కంప్యూటర్‌లో ఓ పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ అవుతోంది. 85 శాతం... 86... 87... టప్! స్క్రీన్ నల్లబడింది. కరెంటు పోలేదు, నెత్తిమీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆగిపోయింది నా సిస్టమే.

అలా ఆగడం ఆ వారంలో అది మూడోసారి.

నాకు సొంత స్టూడియో ఏమీ లేదు. ఊళ్లో ఫొటోగ్రాఫర్లు పెళ్లిళ్లు షూట్ చేస్తారు, నేను గదిలో కూర్చుని ఎడిట్ చేస్తాను. పెళ్లికి ఇంత అని లెక్క. ఆ డబ్బుల్లోంచే గది అద్దె, ఊళ్లో తమ్ముడి డిప్లొమా ఫీజు. ఆ రోజు ఫోన్ చేసిన ఫొటోగ్రాఫర్ అన్న గొంతు పెంచలేదు, తిట్టలేదు. "అమ్మా, పెళ్లికూతురు వాళ్ల నాన్న రోజూ మా కొట్టు ముందుకొచ్చి నిలబడుతున్నాడు. ఆదివారంలోగా అవ్వకపోతే వేరేవాళ్లకిచ్చేస్తాను, ఏమనుకోకు" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

కొత్త సిస్టమ్ కొనే స్తోమత లేదు. ఏసీ సంగతి అడగొద్దు.

కంప్యూటర్ లోపల ఎంత వేడి ఉందో చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. నేను వాడేది హెచ్‌డబ్ల్యూఇన్ఫో. నా ప్రాసెసర్ రైజెన్ 5 3600. దానికి కంపెనీ పెట్టిన హద్దు 95 డిగ్రీలు. నాది ఎక్స్‌పోర్ట్ మొదలైన పది నిమిషాలకే అక్కడ కూర్చునేది. హద్దు దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోకుండా. 50 నిమిషాల పని గంట దాటిపోతోందంటే కారణం అదే. అయినా వేడి తగ్గకపోతే ఆఖరికి మొత్తం ఆపేసుకుంటుంది.

అప్పుడు చేసిన ఓ చిన్న పరీక్ష మీరూ చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, అదే పని మళ్లీ పెట్టి చూడండి. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే తప్పు ప్రాసెసర్ మీదున్న కూలర్‌దో, ఎండిపోయిన పేస్ట్‌దో. నాకు ఏకంగా 12 డిగ్రీలు తగ్గింది. అంటే లోపలి సరుకు బాగానే ఉంది, దాన్ని పెట్టిన డబ్బాకే ఊపిరాడట్లేదు.

మరి ఆ రేకు తీసేసి ఉంచొచ్చుగా అంటారా? రెండు రోజులు ఉంచా. హైవే దుమ్ము, సముద్రపు చెమ్మ గాలి సరే, మూడో రోజు పొద్దున్న గ్రాఫిక్స్ కార్డు మీద బల్లి హాయిగా పడుకుని ఉంది. రేకు మళ్లీ బిగించేశా.

డబ్బాని వెనక్కి తిప్పి మొదటిసారి శ్రద్ధగా చూశా. వేడి గాలిని బయటకి తోసే 120 మి.మీ. ఫ్యాన్ ఉంది. దాని ఎదురుగా రేకుకి చిల్లులు గుద్దారు. అదే గ్రిల్. స్కేలు పెట్టి కొలిస్తే ఒక్కో చిల్లు 5 మి.మీ. ఓపిగ్గా లెక్కపెడితే 200. అన్ని చిల్లులూ కలిపితే దాదాపు 3,900 చదరపు మి.మీ. ఫ్యాన్ రెక్కలు తిరిగే 115 మి.మీ. గుండ్రం మొత్తం 10,400. అంటే నూటికి 38 పాళ్లు మాత్రమే తెరిచి ఉంది, మిగతా 62 పాళ్లూ రేకే. ఫ్యాన్ పాపం గోడకేసి ఊదుతోంది. ఆ 'గుయ్' మనే చప్పుడు కూడా గాలి ఆ చిల్లుల అంచులకి కొట్టుకోవడం వల్ల వచ్చేదే.

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిపి పనిలో ఉన్నప్పుడు దాదాపు 200 వాట్లు లాగుతాయి. వెనకటి 100 వాట్ల బల్బులు రెండు వెలిగించి డబ్బాలో పెట్టి మూత వేస్తే ఎలా ఉంటుందో అదీ పరిస్థితి.

ఇది రేకా, అప్పడమా?

క్యాబినెట్‌ని కోసి మార్చుకోవడం కొత్త సంగతేం కాదు. దీన్నే కేస్ మాడింగ్ అంటారు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్ వచ్చింది. 300 మెగాహెర్ట్జ్‌ది, సెట్టింగ్ మారిస్తే 450 దగ్గర పరిగెత్తేది. పరిగెడితే వేడి తప్పదుగా. దాంతో కుర్రాళ్లు లేత గోధుమరంగు డబ్బాలకి రంపాలు పట్టుకుని కన్నాలు పెట్టడం మొదలెట్టారు. డబ్బా నెత్తిన పెట్టే కన్నానికి వాళ్లు పెట్టిన పేరు 'బ్లోహోల్'. తిమింగలం ఊపిరి వదిలే రంధ్రం అని. సముద్రం ఒడ్డున ఉండే నాకు ఆ పేరు తెగ నచ్చింది. ఇప్పుడు ఈ కళకి ప్రపంచస్థాయి పోటీలున్నాయి, కూలర్ మాస్టర్ కంపెనీ ఒకటి నడుపుతుంది. వాటి వీడియోల్లో ప్రతివాళ్ల చేతిలోనూ డ్రెమెల్ అనే చిన్న కరెంటు మెషిన్ ఉంటుంది. నా బడ్జెట్‌కి అది చాలా దూరం.

నా దగ్గరున్నది ఒక స్క్రూడ్రైవర్. మా ఓనర్ ఆంటీ వాళ్ల మావగారి దగ్గర మాత్రం మంచం కింద ఓ ఇనప పెట్టె ఉంది.

తాతగారికి 74 ఏళ్లు. కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివి, హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులతో కింది వరండాలోనే కుర్చీ వేసుక్కూచుంటారు. టీవీ కూడా పెద్దగా చూడరు. రేకు కత్తెర ఉందేమోనని అడగడానికెళ్తే నన్నూ, నా చేతిలోని డబ్బానీ కాసేపు ఎగాదిగా చూశారు. తర్వాత వేలితో రేకుని నొక్కారు. అది లోపలికి పోయి టక్కుమని వెనక్కొచ్చింది.

"ఇది రేకా, అప్పడమా?" అన్నారు.

ఓడలకి పలకలు బిగించిన మనిషాయె. నా క్యాబినెట్ రేకు మందం ముప్పాతిక మిల్లీమీటరు కూడా లేదు.

"తాతగారూ, ఈ చిల్లుల ముక్క వరకూ తీసేసి ఇస్తే చాలండి. రాత్రికి పనుంది."

"ఏటమ్మా తీసీడం? నీ మిషను, నీ సెయ్యి. నాను కుర్సీలో కూకుంటాను. నువ్వు కొయ్యి."

మొదట అడిగిన మాట: లోపలి సామానంతా తీసేశావా? తియ్యలేదు. ఫ్యాన్ ఒక్కటి విప్పేసి, మదర్‌బోర్డు మీద గుడ్డ కప్పేసి కోసేద్దామని నా ప్లాన్. టైమ్ లేదు కదా. తాతగారు కత్తెర వెనక్కి లాక్కున్నారు. ఇనప రజను కంటికి కనపడదట. ఎక్కడో ఓ మూల చేరి, కరెంటు ఇచ్చినప్పుడు రెండు పిన్నుల మధ్య పడిందంటే అంతే సంగతులట. కంప్యూటర్ ఎప్పుడూ విప్పి చూడని మనిషి చెప్పారు ఆ మాట, అక్షరాలా నిజం. ఫోన్‌లో అన్ని వైర్ల ఫొటోలూ తీసుకుని మొత్తం ఊడదీశా. గంట పోయింది.

వెనక గ్రిల్‌కి చిల్లులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి పెద్ద కష్టం లేదు. చిల్లుకీ చిల్లుకీ మధ్యనున్న సన్నని రేకుని కత్తెరతో ఒక్కొక్కటే తెంపుకుంటూ గుండ్రంగా వచ్చేస్తే మధ్య ముక్క ఊడి చేతిలోకొస్తుంది. మిగిలింది రంపపు పళ్లలాంటి అంచు. అప్పుడొచ్చింది ఆకురాయి వంతు.

ఆకురాయి పట్టడం నాకొచ్చనుకున్నా. ముందుకీ వెనక్కీ గరగరా గీశా. రేకు వణికిపోయి పళ్లు జివ్వుమనే చప్పుడు. తాతగారు కళ్లు మూసుకున్నారు. "తోసినప్పుడే కొరుకుతాది. ఎనక్కి లాగీటప్పుడు ఎత్తీ. ఎనక్కి కూడా రుద్దితే దాని పళ్లు పోతాయి, నీకు పని అవదు" అన్నారు. ఐటీఐలో చేరిన కొత్తలో రోజుల తరబడి ఒకే ఇనప ముక్కని ఆకురాయితో నలుచదరం చేయించేవారట. మూలమట్టం పెట్టి వెలుతురులో చూస్తే సందులోంచి వెలుగు కనబడకూడదు. కనబడితే మళ్లీ మొదటికే.

గుండ్రానికి అర్ధచంద్రం ఆకురాయి వాడాలి, బల్లపరుపుది కాదు. రేకు వెనక చెక్క ముక్క ఆనించి పట్టుకుంటే వణకదు. ఈ రెండూ తెలిశాక చప్పుడే మారిపోయింది. ఎడమ బొటనవేలు మాత్రం అప్పటికే తెగింది. టీటీ ఇంజక్షన్ మర్నాడు వేయించుకున్నా.

ఫ్యాన్ మళ్లీ పెట్టి, దాని మీద గుండ్రని తీగల గ్రిల్ బిగించా. ద్వారకానగర్ కంప్యూటర్ కొట్లలో చవగ్గానే దొరుకుతుంది. 120 మి.మీ. ఫ్యాన్ ఏ కంపెనీదైనా స్క్రూ కన్నాల మధ్య దూరం 105 మి.మీ. ఉంటుంది కాబట్టి గ్రిల్ కొనడానికి ఫ్యాన్ పట్టుకెళ్లక్కర్లేదు. సన్నటి తీగ కాబట్టి గాలికి అడ్డం ఉండదు. ఆ తీగని చూసి తాతగారు ముచ్చటపడ్డారు. మన ఉక్కు ఫ్యాక్టరీలో కమ్మీలు, తీగలు లాగే వైర్ రాడ్లు తయారవుతాయి కానీ ఇలాంటి పల్చటి రేకులు తయారు కావు. "రేకు మనది కాదు గానీ ఈ తీగ మనదే అయ్యుండొచ్చు" అని వేలితో మీటి చూశారు.

రాత్రి ఒంటిగంటకి అన్నీ బిగించి బటన్ నొక్కా. చలనం లేదు. మళ్లీ నొక్కా. లేదు. చేతులు చల్లబడిపోయాయి. రజను ఎక్కడో మిగిలిపోయిందా? బోర్డు పోయిందా? పోతే ఆదివారం మాట అటుంచి, రేపట్నుంచి నేను చేసే పనేంటి? టార్చ్ వేసి అరగంట వెతికా. ఆఖరికి ఫోన్‌లో ఫొటో చూస్తే తెలిసింది, పవర్ బటన్ వైరు పక్క పిన్నులకి గుచ్చా. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

95 దగ్గర కూర్చునేది 90కి దిగింది. ఐదే డిగ్రీలు. కానీ ఆ ఐదు డిగ్రీలతోనే ఆ పెళ్లి పూర్తయింది. రాత్రిపూట గది కాస్త చల్లగా ఉన్నప్పుడు ఎక్స్‌పోర్ట్ పెట్టుకుని, శనివారం సాయంత్రం పెన్‌డ్రైవ్ ఇచ్చేశా.

నెత్తిన కన్నం

వారం తర్వాత వెనక్కి తిప్పి చూస్తే కోసిన అంచంతా నారింజ రంగు. తుప్పు! కోసిన చోట పైపూత పోయి పచ్చి ఇనుము బయటపడుతుంది. సముద్రానికి ఇంత దగ్గర్లో దాన్ని అలా వదిలేయడం నా తెలివితక్కువతనం. ఎమరీ పేపర్‌తో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన నల్ల పెయింట్ వేశా. స్కూటర్ పెట్రోలు పైపుని నిలువునా చీల్చి అంచుకి తొడిగేశా. ఇప్పుడు వేలు తెగదు, రేకు అదరదు. వైజాగ్‌లోనే కాదు, భీమిలి నుంచి కాకినాడ దాకా ఎవరు కోసినా ఈ పని అదే రోజు చేసెయ్యండి.

జూన్‌లో ముహూర్తాల ఒత్తిడి తగ్గింది. అప్పుడు పెట్టుకున్నాం అసలు పని, తిమింగలం కన్నం. పైరేకు చిల్లుల్లేని నున్నటి రేకు. కరెంటు డ్రిల్ కూడా లేదు. తాతగారి పెట్టెలో చేత్తో తిప్పే డ్రిల్ ఉంది, గుడ్డు గిలక్కొట్టే మిషన్‌లా పక్కన చక్రం ఉండేది. తమ్ముడి జామెట్రీ బాక్సులో కంపాస్‌తో 115 మి.మీ. గుండ్రం గీశా. దాని లోపల 110 మి.మీ.ది ఇంకోటి. లోపలి గీత మీద 5 మి.మీ.కి ఒకటి చొప్పున సెంటర్ పంచ్‌తో గుర్తులు కొట్టా. మొత్తం 69. ఆ గుర్తు కొట్టకపోతే డ్రిల్ మొన జారిపోయి పెయింట్ గీరుకుపోతుంది. రెండు చోట్ల గీరుకుపోయింది కూడా. ఒక్కో గుర్తులో 4 మి.మీ. కన్నం. చేత్తో తిప్పుతూ 69 కన్నాలు! తర్వాత వాటి మధ్య మిగిలిన మిల్లీమీటరు రేకుని విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కతో కోసి, అంచుని ఆకురాయితో 115 దాకా తెచ్చుకోవడం. రెండు సాయంత్రాలు పట్టింది. రెండో రోజు సాయంత్రం తాతగారు కుర్చీలోంచి లేచి నిలబడి నా పక్కకొచ్చి చూశారు. ఆంటీ వంటింట్లోంచి తొంగి చూసి, "మావయ్యగారు లేచారేంటే!" అంది.

వెంటనే తీగల గ్రిల్ పెట్టేస్తే అయిపోయేది. కానీ అప్పటికి నాకు పిచ్చి పట్టింది. ఇది నా డబ్బా, నెత్తి మీద నాకు నచ్చింది ఉండాలి. పొద్దున్నే ఆంటీ వాకిట్లో మెలికల ముగ్గు వేస్తుంటే అనిపించింది, ఇదే గ్రిల్ అయితే?

నంబర్ ప్లేట్లు చేసే కొట్లో అల్యూమినియం ముక్క తెచ్చా. కురుపాం మార్కెట్ బంగారం కొట్ల వైపు తిరిగి కంసాలి రంపం, వెంట్రుకలంత సన్నటి బ్లేడ్లు సంపాదించా. ముగ్గు కాయితం మీద గీసి రేకుకి అంటించి, గీతల వెంబడే కోసుకుంటూ పోయా. సగంలో నడిమి పువ్వు 'టింగ్'మని నేల మీద పడింది.

తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. ముగ్గులో గీత తనని తాను చుట్టుకుని కలుస్తుంది. గీతని కోసేస్తే లోపలున్నదంతా విడిపోతుంది. గీతని ఉంచి, మధ్య ఖాళీలని కొయ్యాలి. తోలుబొమ్మలు చేసేవాళ్లు తోలుకి అన్ని వందల చిల్లులు పెట్టినా బొమ్మ ముక్కలవ్వదు, ఎందుకంటే ప్రతి చిల్లు చుట్టూ తోలు ఇంకో తోలుని పట్టుకునే ఉంటుంది. ఇదీ అంతే.

ఇంకో చిక్కు చుక్కలతో. మెలికల ముగ్గులో చుక్క గీతని తాకదు, ఒంటరిగా గాల్లో ఉంటుంది. రేకులో అలా ఉండదు కదా. అందుకని చుక్కల్ని తీసేసి, గీతలు కలిసే చోట 2 మి.మీ. కన్నాలు పెట్టా. ఆంటీ చూసి, "చుక్కలు గీతల మీదేంటే? ఇది తప్పు ముగ్గు" అని తేల్చేసింది. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

30కి పైగా గళ్లు. ప్రతి గడిలో ముందు ఓ కన్నం పెట్టి, బ్లేడుని అందులోంచి దూర్చి, బిగించి, కోసి, విప్పి, పక్క గడికి. బ్లేడుకి కొవ్వొత్తి రుద్దితే జారుతుంది. ఆకురాయి పళ్లలో అల్యూమినియం ఇరుక్కోకుండా సుద్దముక్క రుద్దాలి. ఇవన్నీ కుర్చీలోంచి వచ్చిన సలహాలే. నాలుగు సాయంత్రాలు, 11 బ్లేడ్లు విరిగాయి.

అందమా, గాలా?

మే, జూన్ లెక్కలు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. గది వేడి మారిపోతుంది కాబట్టి ఉత్త టెంపరేచర్ చూస్తే మోసపోతాం. అందులోంచి గది టెంపరేచర్ తీసేసి చూడాలి. జూన్‌లో గది 33 డిగ్రీలు ఉన్నప్పుడు, పైకన్నం పెట్టకముందు ప్రాసెసర్ 87. పైన కన్నం, రెండో ఫ్యాన్ పెట్టి గ్రిల్ లేకుండా చూస్తే 79. ఎగిరి గంతేశా. నా ముద్దుల ముగ్గు గ్రిల్ బిగించగానే 84.

ఐదు డిగ్రీలు ముగ్గు మింగేసింది! గళ్ల కాయితం మీద పెట్టి లెక్కేశా. గుండ్రం మొత్తం 104 చదరపు సెంటీమీటర్లు. 5 మి.మీ. లావు గీతలు అందులో 57 తినేశాయి. అంటే 45 శాతమే ఖాళీ, ఫ్యాక్టరీ చిల్లుల కంటే కాస్త నయం అంతే. నేను తిట్టుకున్న తప్పే నేనూ చేశానన్నమాట, అందంగా.

తాతగారు ఏమీ అనలేదు. సన్న ఆకురాయి తీసి నా ముందు పెట్టారు. మూడు రోజులు కూర్చుని గీతల్ని 3 మి.మీ.కి అరగదీశా. గీతలు తినేది 34కి తగ్గింది, మూడింట రెండు వంతులు తెరుచుకుంది. 80 డిగ్రీలు. తీగల గ్రిల్ పెట్టి చూసినా దాదాపు అంతే.

ఆంటీ మనవడికి రెండేళ్లు, కన్నం కనిపిస్తే వేలు పెట్టే వయసు. ఆ గళ్లలో వాడి వేలు దూరిపోతుంది. అందుకని గ్రిల్ కింద కిటికీ దోమల జాలీ ముక్క వేశా. అదో డిగ్రీ తీసుకుంది. 81. బల్లికి కూడా దారి లేదు.

నిజం చెప్పాలంటే ఉత్త చల్లదనమే కావాలంటే ఈ పాట్లు అక్కర్లేదు. కత్తెరతో వెనక చిల్లులు తీసేసి, తీగల గ్రిల్ పెట్టుకుని, అంచుకి పెయింట్ వేసుకుంటే ఒక్క సాయంత్రం పని. ఇంకో ఫ్యాన్‌కి నాలుగైదు వందలు. ముగ్గు నా సరదా. ఇంకొక మాట, వారంటీలో ఉన్న క్యాబినెట్‌ని కోస్తే ఆ వారంటీ అక్కడితో సరి. పవర్ సప్లై డబ్బాని మాత్రం విప్పకండి, కొయ్యకండి. ప్లగ్ పీకేసినా దానిలో కరెంటు కాసేపు నిలవుంటుంది.

శ్రావణం ముహూర్తాల పని ఇప్పుడు నడుస్తోంది. ఆ ఫొటోగ్రాఫర్ అన్న మొన్న రెండు పెళ్లిళ్లు ఒకేసారి ఇచ్చాడు. మధ్యాహ్నం రెండున్నరకి కూడా ఎక్స్‌పోర్ట్ పెట్టి కిందికి వెళ్లి కూర్చుంటున్నా. పైన ముగ్గు మీద చెయ్యి పెడితే వెచ్చటి గాలి తగులుతుంది, ఉప్మా గిన్నె మూత తీసినట్టు.

ముందు వైపు ప్లాస్టిక్ ప్యానెల్ ఇంకా అలాగే ఉంది, గాలి లోపలికి వచ్చే సందు సన్నగా. ఆదివారం దాన్ని కొయ్యాలి. తాతగారు నిన్న సాయంత్రం మెట్లెక్కి పైకొచ్చారు, మధ్యలో రెండుసార్లు ఆగి. ప్యానెల్‌ని వేలితో కొట్టి చూసి, "పిలాస్టిక్కి ఆకురాయి వేరే ఉంటాది. పూర్ణా మార్కెట్‌కి ఎల్దాం, నాను కూడా వస్తాను, ఆటో మాటాడు" అన్నారు.